చేరడానికి వెళ్లి చెప్పడానికి నిలిచిన ఫిడేలు నాయుడు గారు

తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు 8 ఫిడేలు (వయొలిన్) విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి జయంతి. ఈ నెల లేఖ ఆయన గురించే రాయడానికి మరో కారణం కూడా ఉంది. మన వయొలిన్ తరగతి పిల్లల తల్లిదండ్రులు కొందరు, ఆరు నెలలైనా ఒక్క కీర్తన కూడా రాలేదేమని నన్ను అడిగారు.

1893లో బెంగుళూరులో పుట్టిన నాయుడు గారు విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పుడే చూపు మందగించి బడి చదువు సాగకపోయినా, అన్నగారు వెంకటకృష్ణయ్య గారి దగ్గర ఫిడేలు పట్టి, కంటికి అందనిదాన్ని చెవితో అందుకున్నారు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల తెరిచినప్పుడు ఆయన విద్యార్థిగా చేరాలని వెళ్లారనీ, ఆ వాయింపు విన్న ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు ఏకంగా ఆచార్యుడిగానే తీసుకున్నారనీ చెబుతారు. (దరఖాస్తు కన్నా వాయింపునే నమ్మిన ఆ ప్రిన్సిపాలంటే, అదే ఉద్యోగంలో ఉన్న నాకు కొంచెం అసూయ.) 1936లో నాయుడు గారే ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు.

ఇక మీ ప్రశ్న. వీణకున్నట్టు వయొలిన్‌కు స్వరస్థానం చూపే మెట్లు ఉండవు. గాంధారం (‘గ’ స్వరం) ఎక్కడ పలుకుతుందో వేలికి చెప్పే గుర్తేదీ తీగ మీద లేదు కనుక, చెవి ముందు స్థిరపడాలి, వేలు దాని వెంట నడవాలి, కమాను (తీగల మీద లాగే కర్ర) ఒత్తిడి ఆ రెండింటికీ లోబడాలి. సరళీ వరుసలను, అంటే తొలి స్వర పాఠాలను, మూడు కాలాలలో (మూడు వేగాలలో) నెలల తరబడి వాయించేది అందుకే. పూర్వం ఎక్కువగా గాత్రానికి పక్కవాద్యంగానే వినిపించిన ఫిడేలును సొంత కచేరీకి నిలబెట్టినవారిలో నాయుడు గారు ముందువరుసలో ఉన్నారంటే, ఆ బలం ఇలాంటి సాధనలోనిదే. 1941లో సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1964లో కన్నుమూశారు. 1993లో, శతజయంతికి, తపాలా శాఖ ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది. కుమార్తె మంగతాయారు గారు కూడా వయొలిన్ విదుషీమణిగా పేరు పొందారు.

జయంతి రోజు ఉదయం ప్రార్థన సమావేశంలో నాయుడు గారి రికార్డింగు ఒకటి వినిపిస్తాము. వీలైనవారు పిల్లలతో కూర్చుని వినండి. ఇంట్లో రోజూ ఓ ఇరవై నిమిషాలు టీవీ కట్టేసి సాధనకు చోటివ్వండి. అపస్వరాలు వినిపిస్తాయి, దయచేసి నవ్వకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు