శిలాతోరణం కథ యాత్రికులకు చెప్పాలి

తిరుమల శిలాతోరణం చూడవచ్చే యాత్రికులకు ఆ రాతి చరిత్రను తెలిపే ఏర్పాటు చాలినంతగా లేదు. ఇటీవల నేను అక్కడ గంటసేపు ఉన్నప్పుడు, దానిని ఏ శిల్పి చెక్కాడని ఒక కుటుంబం నన్నే అడిగింది. ఒకనాటి సముద్రతీరపు ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ రాయిగా మారగా, ఎండ, వాన, గాలి దానిని యుగాలపాటు తొలిచి సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఈ సహజ తోరణాన్ని నిలిపాయి. ఇదే రాతి పొరలు అంతకంటే ఎంతో పాతదైన గ్రానైటుపై కూర్చున్న చోటు ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది కానీ, మలుపుల్లో వాహనాలు ఆపరాదు గనుక (అది సబబే) ఎవరూ గమనించరు. తోరణం వద్ద బొమ్మలతో తెలుగు, తమిళ ఫలకాలు, కొండ కింద బస్సు స్టాండులో ఆ పొరల నమూనా పెట్టి, సెలవు రోజుల్లో భూగర్భశాస్త్ర విద్యార్థులచేత వివరణ ఇప్పించాలి.

– ఒక పాఠకుడు, తిరుపతి