కరివేపాకు మొక్క ఎందుకు తేవట్లేదంటే

ఒరేయ్ శ్రీనూ,

గృహప్రవేశానికి మేమందరం వస్తున్నాం. మీ చెల్లెమ్మ అప్పుడే బట్టలు కూడా కొనేసింది. కానీ నువ్వడిగిన కరివేపాకు మొక్క మాత్రం తేలేను రా. అలగకు, కారణం చెప్తాను.

ఇక్కడ దక్షిణ కాలిఫోర్నియాలో, మా అనాహైమ్‌లో 2017 నుంచి నిమ్మజాతి మొక్కలకి క్వారంటైన్ నడుస్తోంది. నిమ్మ, నారింజ చెట్లని చంపేసే గ్రీనింగ్ తెగులు పట్టిన చెట్టు ఎక్కడైనా బయటపడితే, దాని చుట్టూ ఐదు మైళ్ల వరకు కట్టడి. ఆ హద్దు దాటి మొక్కలు వెళ్లకూడదు. పెరట్లో కాసిన నిమ్మకాయలు కూడా ఇంట్లోనే వాడుకోవాలి.

ఆ తెగుల్ని మోసేది సిల్లా పురుగు. నువ్వుగింజంత ఉంటుంది. లేత చిగురు మీద తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా వాలుతుంది. పిల్ల పురుగులు పసుపుపచ్చగా ఉండి, ఒంట్లోంచి తెల్లటి మైనపు దారాలు వదులుతాయి. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబమే కాబట్టి దాని చిగురన్నా ఈ పురుగుకి ఇష్టమే. మొక్కకి ఆ జబ్బు రాదు, నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఈమధ్య వ్యవసాయ శాఖ మనిషి వచ్చి, భూతద్దం పెట్టి మా మొక్క చిగుళ్లు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. పురుగులు అంటుకునేలా పసుపు జిగురు అట్ట ఒకటి కట్టి వెళ్లాడు. ఏమీ దొరకలేదు. అయినా ఇంకా విచ్చుకోని ఆకు మడతల్లో గుడ్లుంటే నా కంటికి ఆనతాయా?

2009లో మీ విసేలియా పక్కనే, ఫ్రెస్నోలో, ఇండియా నుంచి వచ్చిన ఒక కరివేపాకు పార్సిల్‌ని శిక్షణ ఇచ్చిన కుక్క వాసన పట్టి ఆపింది. అందులోని సిల్లా పురుగుల్లో ఈ తెగులు తెచ్చే బాక్టీరియా ఉంది! 2012లో కాలిఫోర్నియాలో మొదటిసారి తెగులు బయటపడ్డది కూడా తోటలో కాదు, హసియెండా హైట్స్‌లో ఒక ఇంటి పెరట్లో.

ఫ్లోరిడా సంగతి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన రాష్ట్రం, 2022-23కి 1.6 కోట్లకి పడిపోయింది. తుఫాన్లూ దెబ్బతీశాయిగానీ అసలు నడ్డి విరిచింది ఈ తెగులే. దీనికి మందు లేదు, చెట్టు కొట్టేయాల్సిందే. పైగా పురుగు కుట్టాక ఒక్కోసారి రెండేళ్ల దాకా లక్షణాలే కనిపించవు, ఈలోగా ఆ చెట్టు నుంచి పక్క చెట్లకి పాకుతుంది. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు పాకిస్తాన్ పంజాబ్ నుంచి ఒక చిన్న కందిరీగని తెచ్చి 2011లో వదలడం మొదలుపెట్టారు. అది సిల్లా పిల్లల్ని తినేస్తుంది. మేలే, కానీ పూర్తిగా తుడిచిపెట్టలేదు.

మీ విసేలియా చుట్టూ ఎటు చూసినా నారింజ తోటలే. ఊళ్లో బత్తాయి చెట్టు ఒక్కటి ఎండితే మీ నాన్నగారికి అన్నం సహించేది కాదు. అలాంటి రైతుల మధ్యకి నా చేత్తో ఈ పురుగు రాకూడదు రా.

మొక్క అక్కడే లైసెన్సున్న నర్సరీలో కొను, ట్యాగ్ చూసి తీసుకో. రోడ్డు పక్కన అమ్మేవి, ఆన్‌లైన్‌లో తెలియనివాళ్లు పంపేవి వద్దు. నేను రెండు సీసాల కరివేపాకు పొడి తెస్తున్నాను, వెల్లుల్లి వేసి ఒకటి, వేయకుండా ఒకటి. పిన్నిగారు వెల్లుల్లి తింటున్నారో లేదో కనుక్కుని చెప్పు.

నీ
రఘు