స్నేహితులతో కంపెనీ పెడుతున్నారా? ముందు వాటాల కాగితం రాసుకోండి

సంపాదకులకు నమస్కారం.

స్టార్టప్‌ల మీద మీ పత్రికలో వచ్చే కథనాలు వదలకుండా చదువుతాను. ఐడియా ఎలా తట్టింది, ఫండింగ్ ఎంత వచ్చింది అన్నవి బాగా రాస్తున్నారు. వాటాలు ఎలా రాసుకున్నారని మాత్రం ఎవరూ అడగడం లేదు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఆడిటర్‌ని. నా దగ్గరికొచ్చే కుర్రాళ్ల కంపెనీల్లో పెద్ద గొడవలన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

ఇంజినీరింగ్‌లో ఒకే రూమ్‌లో ఉన్న ముగ్గురు వస్తారు. "సమానంగా వేసేయండి మేడమ్" అంటారు. లక్ష రూపాయల మూలధనం, తలా మూడో వంతు, ముగ్గురూ డైరెక్టర్లు. ఏడాది తిరక్కుండా ఒకరికి ఎమ్మెస్ సీటొచ్చి అమెరికా వెళ్లిపోతారు. అందులో తప్పేమీ లేదు. ఉన్న ఇద్దరూ రాత్రీ పగలూ కష్టపడి ప్రోడక్ట్‌ని నిలబెడతారు. తీరా పెట్టుబడి పెట్టేవాళ్లు వచ్చి షేర్‌హోల్డర్ల జాబితా అడిగితే, మూడో వంతు ఇంకా డాలస్‌లో ఉన్న అబ్బాయి పేరు మీదే ఉంటుంది.

బయటివాళ్లకి కొత్త షేర్లు ఇవ్వాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. అనుకూలంగా పడే ఓట్లు వ్యతిరేక ఓట్లకి కనీసం మూడు రెట్లు ఉండాలని కంపెనీల చట్టం చెబుతోంది. ఇక్కడున్న ఇద్దరి ఓట్లూ కలిపినా ఆ ఒక్కరి ఓట్లకి రెండు రెట్లే. అతను వద్దని ఓటేస్తే పని ఆగినట్టే. "నేను రాసిన కోడ్ మీదే కదా అంతా నడుస్తోంది" అని అటు, "నువ్వున్నది ఎన్ని నెలలురా" అని ఇటు. నా ఎదురుగానే ఫోన్లో ఇలా అరుచుకున్నవాళ్లున్నారు. ఇద్దరి మాటా నిజమే, అందుకే తెగదు.

దీనికి మందు వెస్టింగ్. షేర్లు పేరు మీద ఉన్నా, పనిచేసిన కాలాన్ని బట్టే సొంతమవుతాయి. మామూలుగా నాలుగేళ్లు పెట్టుకుంటారు. ఏడాది నిండకుండా వెళ్తే ఏమీ రాదు, నిండితే పావు వంతు, ఆ తర్వాత నెలనెలా కొంత. సొంతం కానివి ముందే అనుకున్న ధరకి మిగతావాళ్లకి తిరిగి ఇచ్చేయాలి. ఆ ధరకి పన్ను ఎలా పడుతుందో రాసుకునే ముందే కనుక్కోండి. స్నేహంలో ఈ కాగితాలేంటని మొహమాటపడతారు గానీ, కంపెనీకి ఇంకా విలువ లేనప్పుడే ఈ మాటలు తేలిక. ఉద్యోగం ఎవరు వదలగలరు, జీతం లేకుండా ఎవరి ఇల్లు ఎన్నాళ్లు ఆగగలదు, పైచదువుల ఆలోచన ఎవరికుంది? ఇవి ఆ రోజే అడిగేసుకోండి.

స్టాంపు కాగితం మీద రాసుకుంటే సరిపోదు, ఈ షరతులు కంపెనీ ఆర్టికల్స్‌లోకి, అంటే కంపెనీ నడిచే నియమావళిలోకి ఎక్కాలి. షేర్ల బదిలీ మీద ఆర్టికల్స్‌లో లేని ఆంక్షకి కంపెనీ కట్టుబడనక్కర్లేదని 1991లో రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టంలో ఉన్న నమూనా ఆర్టికల్స్‌ని, అంటే టేబుల్ ఎఫ్‌ని ఉన్నదున్నట్టు పెట్టేస్తే మీ షరతులు అందులో ఉండవు.

కోడ్ సంగతీ అంతే. ఉద్యోగంలో భాగంగా రాసింది సాధారణంగా కంపెనీదే. కంపెనీ పుట్టకముందు హాస్టల్లో కూర్చుని రాసింది మాత్రం రాసినవాళ్లదే. దాన్ని రాతపూర్వకంగా కంపెనీకి బదిలీ చేయించుకోవాలి. ఎంతకాలానికో రాయకపోతే కాపీరైట్ చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కేస్తుంది. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకే. అమెరికా కస్టమర్లకి అమ్మాలనుకునేవాళ్లు ఈ రెండూ చూసుకోకుండా సంతకం పెట్టొద్దు.

ఇంట్లోవాళ్ల డబ్బు గురించి కూడా ఒక మాట. డైరెక్టర్ తల్లిదండ్రులు, తోబుట్టువులు సొంత డబ్బేనని రాసిచ్చి కంపెనీకి అప్పు ఇవ్వొచ్చు. మేనమామ, బాబాయి చట్టం చెప్పే బంధువుల్లోకి రారు. వాళ్లిచ్చిన అప్పు, కంపెనీ ఇష్టమొచ్చినట్టు తీసుకోకూడని డిపాజిట్ కింద పడే ప్రమాదం ఉంది.

స్టార్టప్‌లకి చోటిచ్చి సాయం చేసే టీ-హబ్ హైదరాబాద్‌లో 2015 నుంచి ఉంది. ఇప్పుడు మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కూడా వచ్చింది. కొత్త కంపెనీలను చేర్చుకునేటప్పుడు పిచ్‌తో పాటు వెస్టింగ్ ఒప్పందం, కోడ్ బదిలీ పత్రం చూపించమని ఈ హబ్‌లు అడగాలి. లేనివాళ్లకి అక్కడే లాయర్‌ని కూర్చోబెట్టి రాయించాలి. మీ విలేకరులు కూడా ఇంటర్వ్యూల్లో ఫండింగ్ ఎంతని అడిగేముందు, మీలో ఒకరు వెళ్లిపోతే షేర్లు ఏమవుతాయని అడగాలని నా విన్నపం.

– ఒక ఆడిటర్, గవర్నర్‌పేట, విజయవాడ