ఓడినవాళ్ల పేర్లే ఎందుకు మిగిలాయి?

సంపాదకులకు,

అమెరికాలో సైనిక స్థావరాల పేర్లు 2023లో మార్చడం, 2025లో మళ్లీ పాత పేర్లే పెట్టడం గురించి మన పత్రికల్లోనూ వార్తలొచ్చాయి. బ్రాగ్, హుడ్ అనే పేర్లు చాలామంది చదివే ఉంటారు. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి వేరుపడిన దక్షిణాది రాష్ట్రాల తరఫున 1861-65 అంతర్యుద్ధంలో పోరాడిన జనరళ్లు వాళ్లు. ఆ ఇద్దరినీ ఆ యుద్ధంలో చిత్తు చేసిన కేంద్ర సైన్య జనరల్ జార్జ్ హెన్రీ థామస్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాడిని, ఊరుకోలేక రాస్తున్నాను.

థామస్ 1816లో వర్జీనియాలో పుట్టాడు. బానిసలున్న కుటుంబం. 1861లో వర్జీనియా వేరుపడినప్పుడు అక్కడివాడే అయిన సైనికాధికారి రాబర్ట్ లీ తిరుగుబాటుదారుల వైపు వెళ్లాడు. థామస్ కేంద్ర సైన్యంలోనే ఉండిపోయాడు. అక్కచెల్లెళ్లు ఆయన ఫొటోను గోడవైపు తిప్పేశారంటారు. 1870లో చనిపోతే రక్తసంబంధీకులెవరూ అంత్యక్రియలకు రాలేదు. భార్య సొంతూరు, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో సమాధి చేశారు.

1863 సెప్టెంబరు 20న జార్జియాలోని చికమాగా యుద్ధంలో పై అధికారి రోజ్‌క్రాన్స్‌తో సహా సైన్యంలో పెద్ద భాగం వెనక్కి పారిపోతే, థామస్ మిగిలినవాళ్లను పోగేసి సాయంత్రం దాకా గుట్టమీద నిలబడ్డాడు. రెండు నెలలకే మిషనరీ రిడ్జ్ మీద ఆయన సైనికులు బ్రాగ్ సేనను తరిమేశారు. కింది కందకాలు పట్టుకోమని మాత్రమే ఆజ్ఞ, వాళ్లు ఆగకుండా కొండెక్కేశారు!

1864 డిసెంబరులో టెనసీలోని నాష్‌విల్ దగ్గర హుడ్ థామస్‌కు ఎదురుగా మోహరించాడు. వెంటనే దాడి చెయ్యమని కేంద్ర సేనల అధిపతి గ్రాంట్ తంతి మీద తంతి కొడుతున్నాడు. థామస్ ముందు గుర్రాలు సమకూర్చుకోవాలన్నాడు, ఈలోగా నేలంతా మంచు గడ్డకట్టింది. ఆయన్ని తప్పించే ఉత్తర్వుతో మరో జనరల్ లోగన్‌ను పంపేశారు కూడా. లోగన్ దారిలో ఉండగానే 15, 16 తేదీల్లో థామస్ దెబ్బకు హుడ్ సైన్యం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ దాడిలో నల్లజాతి రెజిమెంట్లూ పోరాడాయి. అయినా ‘నిదానస్తుడు’ అన్న ముద్ర పోలేదు. గ్రాంట్, మరో కేంద్ర జనరల్ షెర్మన్ ఆత్మకథలు రాసుకున్నారు. థామస్ రాయలేదు. పైగా దక్షిణాదివాళ్లకు ఆయన ద్రోహి, ఉత్తరాదివాళ్లకు పరాయివాడు. ‘మావాడు’ అని చెప్పుకునే రాష్ట్రమే లేకపోయింది.

తిరుగుబాటుకు దేశభక్తి రంగు పూసే ప్రయత్నం జరుగుతోందని ఆయన 1868లోనే అధికారిక నివేదికలో హెచ్చరించాడు. 1918లో బ్రాగ్ పేరుతో, 1942లో హుడ్ పేరుతో శిబిరాలు వెలిశాయి. 2023లో తొమ్మిది స్థావరాలకు కొత్త పేర్లు పెట్టినప్పుడు కూడా ఆ జాబితాలో థామస్ లేడు. ఇప్పుడు మళ్లీ పెట్టిన పేర్లు ఆ జనరళ్లవి కావట, అదే ఇంటిపేరున్న వేరే సైనికులవట. రోలండ్ బ్రాగ్, రాబర్ట్ హుడ్ నిజంగా వీరులే, వాళ్లను తప్పుపట్టను. కానీ ఇంటిపేరు కలవడమే అర్హత కావడం విడ్డూరం కాదా?

థామస్‌కు అసలేమీ లేదనలేం. వాషింగ్టన్‌లో 1879 నాటి విగ్రహం, కెంటకీలో ఆయన పేరున్న ఒక చిన్న పట్టణం ఉన్నాయి. టెక్సాస్‌లో డాలస్, ఆస్టిన్ మధ్య తిరిగే మన తెలుగువాళ్లకు కనిపించేది మాత్రం హుడ్ స్థావరం బోర్డే. ఇలాంటి వార్త వేసేటప్పుడు ఆ పేరు గల జనరల్ ఎవరు, ఎవరి చేతిలో ఓడాడు అన్నది పక్కన బాక్సులో నాలుగు ముక్కలు వెయ్యమని మనవి.

— ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, తెనాలి