తైవాన్ పెళ్లి కవరులో పైన ఒకటి కలపొద్దు

సంపాదకులకు నమస్కారం.

చదువుకో ఉద్యోగానికో తైవాన్ వెళ్లేవారికి పత్రికల్లో వచ్చే సూచనలు 'గడియారం కానుకివ్వొద్దు, అన్నంలో చాప్‌స్టిక్స్ గుచ్చొద్దు' అంటాయి గానీ, ఎందుకో చెప్పవు. కారణం తెలియకపోతే జాబితాలో లేనిచోట పొరపాటు జరుగుతుంది.

అక్కడి పట్టింపుల్లో చాలావాటికి మూలం మాట వినిపించే తీరే. చైనీస్‌లో గడియారం ఇవ్వడమన్నా, పోయేవారిని కడసారి సాగనంపడమన్నా 'సోంగ్ జోంగ్' అనే వినిపిస్తుంది. గొడుగు పేరు విడిపోవడాన్ని గుర్తుచేస్తుంది. తెలియక గడియారం ఇచ్చేస్తే, పుచ్చుకున్నవారు మీ చేతిలో ఒక నాణెం పెడతారు. దాంతో అది కానుక కాకుండా కొన్న వస్తువవుతుంది. ఆ నాణెం వద్దనకండి.

ఎక్కువ చిక్కు పెళ్లి కవరు దగ్గరే. కవరు ఎర్రది, మొత్తం చివరి సున్నాలు వదిలేసి చూస్తే సరిసంఖ్య కావాలి: 2,200, 2,600, 3,600 తైవాన్ డాలర్లు, ఇలా. నాలుగు అంకె చావు అనే మాటలా వినిపిస్తుంది కాబట్టి 2,400 పనికిరాదు. ఎనిమిది మామూలుగా అదృష్టమే. పెళ్లిలో మాత్రం ఎడబాటును తలపిస్తుందని చాలామంది మానేస్తారు. శుభమని పైన ఒకటి కలిపే మన అలవాటు అక్కడ పూర్తిగా ఎదురు తిరుగుతుంది. బేసి మొత్తం చావింటికి ఇచ్చేది, తెల్ల కవరులో 1,100, 2,100 చొప్పున. దుఃఖం జంటగా రాకూడదని. పెళ్లి కవరు మీద పేరు తప్పక రాయండి. విందు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నవాళ్లు కవరు విప్పి, లెక్కపెట్టి, పద్దు రాసుకుంటారు. రేపు మీ ఇంట శుభకార్యమైతే ఆ పద్దు చూసే తిరిగి చదివిస్తారు. ఎదురుగా లెక్కపెట్టారని నొచ్చుకోనక్కర్లేదు.

అనాసపండు సంగతి ఇంకా ముచ్చటైనది. అక్కడి మరో భాష తైవానీస్‌లో దాని పేరు 'ఓంగ్ లాయ్', కలిసిరావడం అనే అర్థం ధ్వనిస్తుంది. అందుకే కొత్త సంవత్సరానికి, దుకాణం తెరిచినప్పుడు ఇస్తారు. ఆస్పత్రి సిబ్బందికి మాత్రం ఇవ్వకండి, రోగుల తాకిడి పెరుగుతుందని వారి భయం. చాంద్రమానంలో ఏడో నెల ప్రేతాల నెల. అప్పుడు అరటి, ప్లమ్, బేరి పండ్లు కలిపి నైవేద్యం పెట్టరు. మూడు పేర్లూ వరసగా పలికితే 'నిన్ను రమ్మంటున్నా' అన్నట్టుంటుంది.

చాప్‌స్టిక్స్ మాట ధ్వనికి సంబంధించింది కాదు. చనిపోయినవారి కాళ్ల దగ్గర పెట్టే అన్నంలో వాటిని నిలువుగా గుచ్చుతారు, అంతే. కొత్త సంవత్సరం ముందురాత్రి భోజనంలో చేపను కొంత మిగల్చాలి. చేప, మిగులు రెండూ 'యూ' యే. పొడవాటి ఆవాకును ముక్కలు చేయకుండా తింటారు, ఆయుష్షు తెగకూడదని.

శాకాహారులకు ఒక్క మాట. 'సూ' అని ఉన్న హోటల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా సాధారణంగా వాడరు, కానీ గుడ్డు ఉండొచ్చు. గుడ్డు, పాలు రెండూ వద్దనుకుంటే 'చ్వాన్ సూ' అని అడగండి. ప్యాకెట్ల మీదా ఈ తేడాలు అచ్చువేసి ఉంటాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు