డిక్కీలో పెట్టె, పనివాడి ఊపిరి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల అనంతపురంలో మా కారు డిక్కీలో సబ్‌వూఫర్ (దిగువ స్థాయి, దుమ్ముదుమ్మనే ధ్వనులు వినిపించే పెద్ద స్పీకరు) కోసం ఫైబర్‌గ్లాస్ పెట్టె చేయించుకున్నాను. స్టెప్నీ పక్కనున్న వంపులో టేపు అంటించి, గాజునార మ్యాట్ ముక్కలు పరిచి, బ్రష్షుతో రెజిన్ అనే గట్టిపడే జిగురు ద్రవం అద్దుతూ పొర మీద పొర వేస్తే, ఆ వంపు అచ్చుగుద్దినట్టు దిగడం చూసి పనివాడి చేతికి దండం పెట్టాలనిపించింది.

అయితే ఆ కుర్రవాడు మూసిన షెడ్డులో, ముక్కుకు చేతిరుమాలు మాత్రమే కట్టుకుని రోజంతా పనిచేశాడు. పాలియెస్టర్ రెజిన్ నుంచి లేచే స్టైరీన్ ఆవిరి కళ్లను, గొంతును మండిస్తుంది, తల తిప్పుతుంది. దాన్ని రుమాలు ఆపలేదు. మన ఎండల్లో రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ కాస్త ఎక్కువ పడితే చాలు, రెజిన్ గిన్నెలోనే వేడెక్కి పొగలు కక్కుతుంది. నా కళ్లముందే ఒక ప్లాస్టిక్ మగ్గు అలా మెత్తబడి వంగిపోయింది. పెట్టెను సానబట్టేటప్పుడు లేచిన గాజుపొడికి అతని మోచేతులు ఎర్రగా దద్దురెక్కాయి.

ఇంకో సంగతి: సబ్‌వూఫర్‌ను నడిపే ఆంప్లిఫయర్‌కు కరెంటు తెచ్చే తీగకు బ్యాటరీ నుంచి 18 అంగుళాల లోపే ఫ్యూజు ఉండాలి. నేను అడిగాకే వేశారు. తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బండి తగలబడే ప్రమాదముంది.

షాపుల యజమానులు కార్బన్ ఫిల్టరున్న మాస్కులు, చేతి తొడుగులు కొనివ్వాలని, రెజిన్ పని గాలి ఆడే చోటే చేయించాలని, చేయించుకునేవాళ్లు కూడా బయానా ఇచ్చేముందే ఈ సంగతి అడగాలని మనవి చేస్తున్నాను.

– ఒక పాఠకుడు, అనంతపురం