కొరియన్ టీ ఎక్కడ కొనాలంటే

అందరికీ నమస్కారం. అమెరికా, కెనడా, యూకేల్లో ఉన్న మనవాళ్లు కొరియన్ టీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. లాస్ ఏంజెలిస్‌లో హాన్‌కుక్ టీ, వాంకూవర్‌లో ఓ ఫైవ్ టీ, లండన్‌లో బీ-ఊమ్ చూడండి. జెజు దీవి తోటల ఓసుల్లోక్ టీ కూడా అమెరికాలో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

కొనేముందు కోత ఏడాది తప్పకుండా చూడండి. గ్రీన్ టీ పాతబడితే ఆ పచ్చి పరిమళమే పోతుంది, ఎంత పెట్టి కొన్నా దండగే. ప్యాకెట్ మీద ఏడాది లేకపోతే అమ్మేవాళ్లకి మెయిల్ పెట్టి అడగండి, మొహమాటపడొద్దు.

ఏప్రిల్ 20 లోపు కోసిన లేత చిగుళ్లని ఊజన్ అంటారు, బాగా ఖరీదు. ఆ తర్వాతి కోత సేజక్, ఆపైన జుంగ్‌జక్. మొదటిసారి కొనేవాళ్లు సేజక్ తీసుకోండి. రుచి నిండుగా ఉంటుంది, ధరా భరించగలం. నాకైతే జిరి కొండల వాలున ఉన్న హాడోంగ్ టీయే ఇష్టం. అక్కడ ఆకుని వేడి పెనంలో చేత్తో వేయిస్తారు, ఆ కమ్మదనం కప్పులో తెలుస్తుంది. నీళ్లు మాత్రం మరిగించి పోయకండి, 70 డిగ్రీల సెల్సియస్‌కి చల్లారనివ్వండి.

డాలస్‌లో ఉన్నవాళ్లు కలిసి ఒకే ఆర్డర్ పెడితే షిప్పింగ్ ఖర్చు తగ్గుతుంది. కావలసినవాళ్లు ఆదివారంలోగా ఇక్కడే చెప్పండి.